ఆపద్ధనము: అమెరికా బడుల పంపకపు చరిత్ర

2020వ సంవత్సరము మార్చి 27వ తేదీన అమెరికా అధ్యక్షుని సంతకముతో అమలులోనికి వచ్చిన కేర్స్ చట్టము, మహమ్మారి మూలమున తలుపులు మూసికొనిన పాఠశాలల కొఱకు 1,320 కోట్ల డాలర్లను కేటాయించి, రాష్ట్రములు ఆ ధనమునకు దరఖాస్తు పెట్టుకొనుటకు వలసిన ప్రకటనను విద్యాశాఖ 30 దినములలో వెలువరింపవలెననియు, చేరిన దరఖాస్తును మఱి 30 దినములలో తేల్చివేయవలెననియు శాసించెను. ఆ దేశమున ప్రభుత్వ పాఠశాలలలో చదువు పిల్లలు సుమారు 5 కోట్లమంది. ఆ పాఠశాలలను నడుపు స్కూలు డిస్ట్రిక్టులు 13,000 పైచిలుకు. వీనిలో ఏ డిస్ట్రిక్టున జబ్బు ఎక్కువగా నున్నది, ఏ యూర ఇంటింట ఇంటర్నెట్టు లేదు, ఏ బడిలో కిటికీలు తెఱచుకొనవు అని విచారించుటకు ఎవ్వరికిని తీరిక లేదు. అందుచేత శాసనకర్తలు ఆ విచారణ జోలికి పోక, గత సంవత్సరము టైటిల్ వన్ అనెడి పద్దు కింద ఎవరికెంత వాటా వచ్చెనో ఈ సొమ్మును ఆ వాటా ప్రకారమే పంచవలసినదని ఒక్క మాట వ్రాసి ఊరకుండిరి. తరువాతి పండ్రెండు నెలలలో మఱి రెండు చట్టములు వచ్చి, మొత్తము 19,000 కోట్ల డాలర్లకు చేరినను, ఆ మాట మాఱలేదు.

ఆ యొక్క మాటకు వెనుక సుమారు తొంబది యేండ్ల చరిత్ర కలదు. ఆపద వచ్చినపుడెల్ల అమెరికా ఏదో యొక పేరున తన బడులకు ధనము పంపినది. పంపినపుడెల్ల అప్పటికే తవ్వియున్న కాలువ వెంట ఆ ధనము పాఱినది. కాలువ చేరని పొలము ఎండినది. నేనిచట చెప్పదలచినది ఆ కాలువలను ఎవరెప్పుడు ఎందులకు తవ్విరో ఆ వృత్తాంతము.

ముందుగా స్కూలు డిస్ట్రిక్టు అనెడి సంస్థను గూర్చి కొంత చెప్పవలెను. అమెరికా రాజ్యాంగమున విద్య యన్న మాటయే లేదు. 1647లో మసాచుసెట్స్ వలసవారు, 50 గడపలున్న ప్రతి పట్టణమును చదువను వ్రాయను నేర్పు గురువు నొకనిని నిలుపుకొనవలెననియు, 100 గడపలున్నచో గ్రామర్ స్కూలు పెట్టవలెననియు చట్టము చేసిరి; నాటినుండియు బడి యనునది ఊరివారి బాధ్యత, ఊరివారి ఖర్చు, ఊరివారి పెత్తనము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1785 నాటి భూశాసనము పడమటి భూములను ఆరేసి మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా కొలిపించి, ఒక్కొక్కదానిని 36 ఖండములుగా విభజించి, అందు 16వ ఖండమును బడికై విడిచిపెట్టినది. అనగా కేంద్రము తొలుత చేసిన సాయము భూదానమే. ఆ భూమి అనేక స్థలములలో చౌకగా అమ్ముడుపోయి, చివరకు ఇండ్లమీదను పొలములమీదను వేసిన పన్నే బడికి ప్రధానాధారమయ్యెను. ఒక గది బడి, దానికి కొందఱు పెద్దల బోర్డు, ఆ బోర్డునకు తన పన్నురేటు, ఈ తీరున పెరిగి పెరిగి 1932 నాటికి దేశములో లక్షా 27 వేల స్కూలు డిస్ట్రిక్టులు ఏర్పడినవి. పిదప చిన్నవి పెద్దవానిలో కలిసిపోయి నేటి సంఖ్యకు దిగినవి కాని, మూలసూత్రము చెక్కు చెదరలేదు. ఇండ్ల ఖరీదు ఎక్కువైన చోట బడికి రాబడి ఎక్కువ. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు వెదకుకొను మన తెలుగువారు, పడకగదులెన్ని యని అడుగుటకు ముందే ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని అడుగుట యందుచేతనే.

జీతము నెలల తరబడి అందని పంతుళ్లు మన దేశమునకును క్రొత్త కాదు. మద్రాసు రాజధానిలో 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టము స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేసికొను అధికారమును సైత మిచ్చినది. అయినను ఊరి యిండ్ల ధర పడిపోయినంతమాత్రమున ఊరి బడి మూతపడుట యన్నది మన యనుభవములోనిది కాదు. అమెరికాలో 1929 తరువాత జరిగినది సరిగా అదియే.

షికాగో నగరపు కథ ఇందులకు ఉత్తమ నిదర్శనము. 1928లో ఆస్తుల విలువలను మరల కట్టవలెనని ఆజ్ఞ కాగా, ఆ లెక్కలు తెమలక పన్నుబిల్లులు వెలువడుటయే రెండేండ్లు ఆలస్యమయ్యెను. అవి వెలువడునప్పటికి మాంద్యము నెత్తిన పడెను. స్థిరాస్తిదారులు సంఘముగా నేర్పడి మేము కట్టము పొమ్మనిరి. బోర్డు ఖజానా ఖాళీ యయ్యెను. 1931 మొదలుకొని ఉపాధ్యాయులకు కొన్ని నెలలు జీతమే లేదు, కొన్ని నెలలు రాబోవు పన్నుమీద వ్రాసియిచ్చిన కాగితములు దక్కినవి. ఆ కాగితమును పుచ్చుకొనుట దుకాణదారుని దయ. పుచ్చుకొనినను దాని ముఖవిలువ నాతడీయడు. బీమా పాలసీలు కుదువపెట్టినవారు కుదువపెట్టిరి, ఇండ్లు పోగొట్టుకొనినవారు పోగొట్టుకొనిరి, బడికి మాత్రము ఉదయముననే హాజరగుచుండిరి. ఓర్పునకు హద్దు గలదు. 1933 ఏప్రిల్‌లో వేలకొలది ఉపాధ్యాయులు, అందు ఎక్కువమంది స్త్రీలు, ఊరేగింపుగా బయలుదేఱి నగరమధ్యమున నున్న పెద్ద బ్యాంకులలోనికి చొచ్చిరి. పాలరాతి గోడలమీద సిరా చల్లిరి. దేశపు మాజీ ఉపాధ్యక్షుడును బ్యాంకు యజమానియు నైన చార్లెస్ డాజ్ వారిని శాంతింపజేయబోయి, వారి కేకలకు తాళలేక తిట్టి మరలిపోయెను.

ఈ డాజ్ మహాశయుని విషయమున ఒక చిత్రము కలదు. మునుగుచున్న బ్యాంకులను రైల్వేలను ఆదుకొనుటకై 1932లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన పునర్నిర్మాణ ఆర్థికసంస్థకు తొలి అధ్యక్షుడాయనయే. ఆయన ఆ పదవిని వదలి షికాగోకు వచ్చిన కొలది దినములలో, ఆయన బ్యాంకునకే ఆ సంస్థ 9 కోట్ల డాలర్లు అప్పుగా మంజూరు చేసినది. ఉపాధ్యాయుల వంతు రెండేండ్లకు గాని రాలేదు. 1934లో అదే సంస్థ విద్యాబోర్డునకు అప్పిచ్చి బకాయి జీతములు తీర్పించినది. కాని దానికి బోర్డు తన స్థలములను తాకట్టు పెట్టవలసివచ్చెను. బడికై 1785 శాసనము విడిచిన 16వ ఖండము షికాగోలో సరిగా నేటి వ్యాపారకేంద్రపు నడిబొడ్డున పడినది. దానిలోని 142 బ్లాకులలో 138 బ్లాకులను 1833లోనే కారుచౌకగా వేలము వేసిరి. ఆ భూమి యంతయు నిలిచియున్నచో షికాగో పంతులమ్మలు సిరాబుడ్లతో బ్యాంకులకు పోవలసిన యగత్యమే కలిగియుండదు.

పట్టణముల గతి యిట్లుండగా పల్లెల గతి ఇంకను హీనము. 1933 వసంతమున దక్షిణ రాష్ట్రములలో పల్లెబడులు వరుసగా మూతపడుచుండెను. ఆ మే నెలలో కాంగ్రెసు 50 కోట్ల డాలర్లతో సమాఖ్య అత్యవసర సహాయసంస్థ నేర్పరచి హ్యారీ హాప్కిన్స్‌ను దానికి అధిపతిని చేసెను. ఈయన పనిలో చేరిన తొలినాడే, బల్ల కుర్చీ సరిగా అమరకమునుపే, రెండు గంటలలో 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రములకు పంచివేసెనని ప్రసిద్ధి. ఆ 50 కోట్లలో సగము, రాష్ట్రము తాను మూడు డాలర్లు ఖర్చుచేసినచో కేంద్రము ఒక డాలరిచ్చు నియమము కింద నుండెను. ఇది కలవానికే కలుపు నియమమని వేఱుగా చెప్పనక్కఱలేదు. తక్కిన సగము అవసరమును బట్టి అధిపతి తన వివేచనతో ఇచ్చునది. పల్లెబడులను నిలిపినది ఈ రెండవ సగపు ధోరణియే.

అయినను బడికి కేంద్రధన మిచ్చుట యన్న నాటి రాజకీయమున పెద్ద పేచీ. కేంద్రము పెత్తనము వచ్చునని కొందఱు, మతసంస్థల బడులకును ఇవ్వవలెనని కొందఱు, నల్లవారి బడులకు సమముగా ఇవ్వవలసివచ్చునేమో యని దక్షిణాదివారు అడ్డుపడుచుండిరి. హాప్కిన్స్ ఈ పేచీని చాకచక్యముతో దాటెను. సొమ్ము బడి కిచ్చుట లేదు, నిరుద్యోగియై ఆకలిగొన్న పంతులునకు కూలిగా ఇచ్చుచున్నాము. ఆ పంతులు చేయు పని పిల్లలకు చదువు చెప్పుట, అంతే. 1933 ఆగస్టు మొదలు ఈ పద్ధతిని మూతపడిన పల్లెబడులు తెఱచుకొన్నవి. కాని దీనిలోని పట్టు చూడుడు: మొదట ఉపాధ్యాయుడు తాను సహాయమునకు అర్హుడైన దరిద్రుడనని నిరూపించుకొనవలసియుండెను. పదేండ్లుగా గౌరవముతో పాఠము చెప్పిన మనిషి, తన యింట గింజలు లేవని అధికారి యెదుట ఒప్పుకొనిన పిమ్మటనే తన తరగతిగదిలో తాను అడుగుపెట్టవలెను. సహాయము అందినది నిజము. అందిన తీరు అవమానకరమైనదియు నిజము.

వివేచనాధికారమునకు మఱియొక ముఖము ఆర్కన్సాలో కనబడినది. ఆ రాష్ట్రము తన ఉపాధ్యాయుల జీతములను కేంద్రపు సహాయధనముతో గడుపుకొనుచు, తాను క్రొత్తపన్ను వేయుటకు మాత్రము ససేమిరా యనుచుండెను. 1935లో హాప్కిన్స్ విసిగి, మీ వంతు మీరు పెట్టనిచో సహాయ మంతటిని ఆపుదునని గవర్నరు ఫ్యూట్రెల్‌కు తాఖీదు పంపెను. పన్నులకు ఆజన్మవిరోధి యైన ఆ గవర్నరు దిగివచ్చి, శాసనసభచేత రెండు శాతము అమ్మకపు పన్ను వేయించెను. వాషింగ్టనులోని యొక అధికారి ఉత్తరము ఒక రాష్ట్రపు పన్నుల స్వరూపమునే మార్చినది. దీనిని మెచ్చుకొనువారును కలరు. నాకు మాత్రము, పంతుళ్ల పొట్టను పణముగా పెట్టి ఆడిన ఆట యది యనియే తోచుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చిన పిదప కాలువ దిక్కు మాఱెను. ఆయుధ కర్మాగారములును సైనిక శిబిరములును వెలసిన యూళ్లకు జనము వెల్లువగా వచ్చిపడిరి. ప్రభుత్వభూమిపై పన్ను లేదు కనుక బడికి పిల్లలు పెరిగిరి గాని రాబడి పెరుగలేదు. లాన్హామ్ చట్టము కింద ఆ యూళ్లకు సాయము చేసి, 1950లో ట్రూమన్ కాలమున దానిని రెండు శాశ్వత చట్టములుగా మలచిరి. ఈ పద్దు నేటికిని ఇంపాక్ట్ ఎయిడ్ పేరున నడుచుచున్నది. నష్టపరిహారము కనుక నాడు దీనికి పెద్ద అడ్డు రాలేదు. దారిద్ర్యమును చూచి ఇచ్చు ధనమునకు ఇంకను పదునైదేండ్లు ఆగవలసివచ్చెను.

1965 ఏప్రిల్ 11, ఆదివారము. టెక్సస్‌లోని స్టోన్‌వాల్ సమీపమున తాను బాల్యమున చదువుకొనిన ఒంటిగది బడి యావరణలో, తన తొలి గురువు కేట్ డెడ్రిక్ లోనీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రాథమిక మాధ్యమిక విద్యాచట్టముపై సంతకము చేసెను. ఈయన యౌవనమున కొటుల్లా యనెడి చిన్న యూర మెక్సికన్ కూలీల పిల్లలకు చదువు చెప్పినవాడు. ఆకలితో బడికి వచ్చు పిల్లల ముఖములు ఆయన యెఱుగును. ఆ చట్టపు మొదటి భాగమే టైటిల్ వన్. దాని లెక్క తొలుత చాల సులభము: 1960 జనగణన ప్రకారము సంవత్సరాదాయము 2,000 డాలర్లకు లోపలనున్న కుటుంబముల పిల్లలెందఱో లెక్కించి, ఆ సంఖ్యను ఆ రాష్ట్రము ఒక్కొక్క విద్యార్థిపై చేయు సగటు ఖర్చులో సగముతో హెచ్చవేయుట. మొదటి సంవత్సరముననే సుమారు 100 కోట్ల డాలర్లు. అంతకు ముందటి యేడు వచ్చిన పౌరహక్కుల చట్టము జాతివివక్ష పాటించు సంస్థకు కేంద్రధనము నీయరాదనుటచేత, ఈ 100 కోట్ల యాశయే దక్షిణాది బడుల తలుపులను నల్లపిల్లలకు తెఱపించుటలో కోర్టు తీర్పులకు తోడైనది.

ఈ లెక్కలో ఒక మెలిక గలదు. అది నాడెవ్వరికిని పెద్దదిగా తోచలేదు. పిల్లల సంఖ్యను రాష్ట్రపు ఖర్చుతో హెచ్చవేసినచో, ఇదివఱకే ఎక్కువ ఖర్చుపెట్టు సంపన్న రాష్ట్రములోని పేదబిడ్డకు ఎక్కువయు, ఖర్చుపెట్టలేని పేదరాష్ట్రములోని పేదబిడ్డకు తక్కువయు ముట్టును. తరువాత ఈ భేదమునకు హద్దులు పెట్టిరి. రాష్ట్రపు ఖర్చును దేశపు సగటులో 80 శాతమునకు తగ్గకుండను, 120 శాతమునకు మించకుండను తీసికొని, దానిలో 40 శాతమును గుణకముగా నుంచిరి. హద్దులు పెట్టినను, ఆ నిధిలోని ప్రధాన పద్దులలో న్యూయార్కు పేదబిడ్డ మిసిసిపీ పేదబిడ్డకు ఒకటిన్నర రెట్లుగా లెక్కకు వచ్చుచున్నాడు. మిసిసిపీ బిడ్డ ఆకలి న్యూయార్కు బిడ్డ ఆకలికి మూడింట రెండువంతులని ఎవ్వరును అనరు గాని, లెక్క మాత్రము అట్లనుచున్నది.

డిస్ట్రిక్టునకు డిస్ట్రిక్టునకు నడుమనున్న యగాధమును ఈ ధనము ఎంతవఱకు పూడ్చినదో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో దావా చెప్పుచున్నది. 1967–68లో ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టున ఒక్కొక్క విద్యార్థికి స్థానిక పన్నుమూలమున వచ్చినది 26 డాలర్లు, రాష్ట్రమిచ్చినది 222, కేంద్రమిచ్చినది 108, వెరసి 356. అదే నగరములోని ఆలమో హైట్స్ డిస్ట్రిక్టున స్థానికము 333, రాష్ట్రము 225, కేంద్రము 36, వెరసి 594. కేంద్రము పేదడిస్ట్రిక్టునకు మూడింతలిచ్చినను వ్యత్యాసము తీఱలేదు. ఎడ్జ్‌వుడ్‌వారు హెచ్చు రేటున పన్ను కట్టుకొనియు 26 డాలర్లే రాబట్టగలిగిరన్నది గమనింపవలసిన సంగతి. తలిదండ్రులు సుప్రీము కోర్టు దాక పోయిరి. 1973లో తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురు, విద్య రాజ్యాంగము హామీ యిచ్చిన మౌలికహక్కు కాదనుచు దావాను కొట్టివేసిరి.

ఇక ఇచ్చిన ధనమైనను పేదపిల్లలకే చేరినదా? 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మక్‌క్లూర్ అను నిద్దఱు ప్రచురించిన నివేదిక ఈ ప్రశ్నకు కఠోరమైన ప్రత్యుత్తరము. డిస్ట్రిక్టులు టైటిల్ వన్ సొమ్మును తమ సాధారణ ఖర్చులలో కలిపివేయుచున్నవనియు, మెంఫిస్ నగరమున ఆ సొమ్ముతో 18 ఈతతొట్లు కొనిరనియు ఆ నివేదిక బయటపెట్టెను. మఱుసటి యేడే, కేంద్రధనము స్థానికధనమునకు తోడు కావలెను గాని బదులు కారాదను నియమమును కాంగ్రెసు చట్టమున చేర్చినది. బడి అధికారులు ఈ నియమమును తిట్టుకొనని దినము లేదు. అది లేకున్న టైటిల్ వన్ ఏనాడో మాయమైపోయెడిది.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినపుడు ఈ కాలువ యక్కఱకు రాలేదు. మూడున్నర లక్షలకు మించిన పిల్లలు చెల్లాచెదరై హ్యూస్టన్ మొదలగు నగరముల బడులలో తేలిరి. వారి సొంతయూర బడి కలదు, పిల్లలు లేరు. పొరుగూర పిల్లలు కలరు, వారి నిమిత్తము ధనము లేదు. నాలుగు నెలల తర్జనభర్జన పిమ్మట డిసెంబరులో కాంగ్రెసు క్రొత్తదారి తొక్కినది. మూతపడిన బడులను తిరిగి తెఱచుటకు 75 కోట్ల డాలర్లు వేఱుగా నుంచి, ఆశ్రయమిచ్చిన బడికి ఒక్కొక్క నిర్వాసిత విద్యార్థికి ఆ సంవత్సరమునకు 6,000 డాలర్ల వఱకును, వికలాంగుడైనచో 7,500 వఱకును ఇచ్చుటకు నిశ్చయించినది. మూడునెలల కొకసారి పిల్లలను లెక్కించుట, ఆ లెక్కకు తగినట్లు ధనము పంపుట. బిడ్డ వెంట ధనము నడచుట యన్నమాట. ప్రైవేటు బడులలో చేరిన పిల్లలకును వర్తించుట దీనిలోని మఱియొక విశేషము. అమెరికా బడులకు అందిన ఆపద్ధనములలో ఆపదను చూచి కొలిచిన అరుదైన కొలత ఇది. ఆలస్యమునకు ఇది తప్ప వేఱు సమాధానము లేదు.

2009 నాటి ఆర్థికసంక్షోభమును గూర్చి విస్తరించి చెప్పనక్కఱలేదు. రాష్ట్రముల విద్యాఖర్చు పడిపోకుండ 5,000 కోట్ల డాలర్లకు మించిన స్థిరీకరణ నిధియు, టైటిల్ వన్‌కు అదనముగా 1,000 కోట్లును ఇచ్చిరి. రెండేండ్లలో ఆ సొమ్ము అయిపోగానే, దానితో నిలుపుకొనిన ఉపాధ్యాయులను డిస్ట్రిక్టులు తొలగింపవలసివచ్చినది. తాత్కాలికధనముతో శాశ్వతోద్యోగము లీయరాదని బడుల కోశాధికారులు నేర్చుకొనిన పాఠము ఇది.

ఈ యనుభవములన్నియు వెనుకనుండగా 2020 వచ్చినది. టైటిల్ వన్ వాటా ప్రకారము రాష్ట్రమునకు చేరిన ధనములో కనీసము 90 శాతము అదే వాటా ప్రకారము డిస్ట్రిక్టులకు పోవలెను. ఇంతవఱకు తగవు లేదు. తగవు ప్రైవేటు బడుల యొద్ద వచ్చినది. వానిలోని పిల్లలకును టైటిల్ వన్ పద్ధతినే సేవలందవలెనని కేర్స్ చట్టము చెప్పినది. టైటిల్ వన్ పద్ధతి యనగా అల్పాదాయ కుటుంబముల పిల్లలను మాత్రమే లెక్కించుట. విద్యాశాఖ మంత్రి బెట్సీ డివాస్, మహమ్మారి ధనికుని బిడ్డను విడిచిపెట్టలేదు కనుక ప్రైవేటు బడిలోని పిల్లలనందఱను లెక్కింపవలెనని ఏప్రిల్ 30న సూచన వెలువరించి, జూలైలో దానిని నియమముగా మార్చెను. ఆమె పార్టీకే చెందిన ఇండియానా విద్యాధికారి జెన్నిఫర్ మెకార్మిక్ మేమట్లు పంచమని నిరాకరించెను. మూడు ఫెడరల్ కోర్టులు ఒకదానివెంట నొకటి ఆ నియమమును త్రోసిపుచ్చగా, సెప్టెంబరులో డివాస్ అప్పీలు మానుకొనెను. డిసెంబరులో వచ్చిన రెండవ చట్టమున కాంగ్రెసు ప్రైవేటు బడులకు 275 కోట్ల డాలర్లను ప్రత్యేకముగా నుంచి తగవును తెంచినది. డివాస్ వాదములో కొంత తర్కము లేకపోలేదు. కాని శాసనములోని మాట స్పష్టముగా నున్నపుడు మంత్రి వ్యాఖ్యానముతో దానిని వంచుట ఏ దేశమునను చెల్లదు.

రెండవ చట్టము 5,430 కోట్లు, 2021 మార్చి 11 నాటి మూడవ చట్టము 12,200 కోట్లు. పేదరికము పేరుకొనిన నగరముల దశ తిరిగినది. డిట్రాయిట్ డిస్ట్రిక్టునకు మూడు చట్టముల మూలమున 120 కోట్ల డాలర్లకు మించి వచ్చెను. బూజుపట్టిన గోడలు, పనిచేయని కొలుములు గల భవనములలో పాఠము చెప్పలేమని 2016లో అచటి ఉపాధ్యాయులు సామూహికముగా సెలవు పెట్టియుండిరి. డిస్ట్రిక్టు 2009 పాఠమును మఱువక, వచ్చినదానిలో సుమారు 70 కోట్లను భవనములకు కేటాయించినది. ఇందుకు భిన్నముగా, టైటిల్ వన్ బొత్తిగా రాని డిస్ట్రిక్టులకు ఆ వాటా లెక్కన సున్న వచ్చినది. అచటను బడులు మూతపడినవి, అచటను ముసుగులు కొనవలెను. కొన్ని రాష్ట్రములు తమ చేతిలోనున్న పదిశాతములోనుండి వానికి కొంత సర్దినవి. మూడవ చట్టము డిస్ట్రిక్టు తన వాటాలో ఐదవవంతును పిల్లలు పోగొట్టుకొనిన చదువును తిరిగి సంపాదించుటకే వినియోగింపవలెనని విధించినది. తక్కినదానితో ల్యాప్‌టాపులు, గాలి శుద్ధిచేయు యంత్రములు, నర్సులు, సలహాదారులు. ఎవరి యక్కఱ వారిది.

గడువులు మూడు: 2022, 2023, 2024 సెప్టెంబరు నెలల చివరిదినములు. గడువు దాటులోపల ఒప్పందము వ్రాసికొనిన పనులకు చెల్లింపు జరుపుకొనుటకు విద్యాశాఖ కొందఱకు అదనపు కాలమిచ్చినది. 2024 జూన్‌లో రెండు పరిశోధక బృందములు వేఱువేఱుగా లెక్కవేసి, ఈ ధనము వలన పిల్లల చదువు, విశేషించి గణితము, కొంత కోలుకొన్న మాట నిజమే కాని, ఆ మేలు డాలరునకు స్వల్పమని తేల్చినవి. 2025 మార్చి 28న విద్యాశాఖ ఆ యదనపు కాలమును హఠాత్తుగా రద్దుచేయగా, 16 రాష్ట్రములును రాజధాని జిల్లాయును కోర్టుకెక్కినవి. మే నెలలో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానము ఆ రద్దును తాత్కాలికముగా ఆపినది.

ఒక్క హాప్కిన్స్ వివేచనకంటె అందఱకు తెలిసిన లెక్క మేలని నేనందును. ఆర్కన్సా పంతులు గతి డిట్రాయిట్ పంతులమ్మకు పట్టకపోవుటకు కారణము ఆ లెక్కయే. అయినను కుదుటపడిన దినములలో ఆ లెక్కను దిద్దుకొనుట శాసనకర్తల విధి. మహమ్మారి వెనుకపట్టిన పిమ్మట వారికి అట్టి దినములు కావలసినన్ని లభించినవి. న్యూయార్కు పేదబిడ్డను మిసిసిపీ పేదబిడ్డకు ఒకటిన్నర రెట్లు చేయు గుణకము ఇప్పటికిని చట్టములో అట్లే యున్నది.